తలలోపలి చిత్రము: ప్రత్యక్షమా, అనుమానమా?



మానవశరీరమున తల ఒక పెట్టె వంటిది. ఆ పెట్టెకు తలుపు లేదు, తాళము లేదు. పొట్టను వైద్యుడు చేతితో తడిమి చూడవచ్చును. గుండె చప్పుడును చెవి యొగ్గి వినవచ్చును. కాని నలుప్రక్కల గట్టి యెముకతో మూయబడిన మెదడును, బ్రతికియున్న మనుష్యునియందు చూచుట చిరకాలము అసాధ్యముగనే ఉండెను. నేడు మన జిల్లాకేంద్రములలో సైతము రోగిని యంత్రములో పరుండబెట్టి, కొన్ని నిమిషములలో అతని మెదడు చిత్రమును తీయుచున్నారు. ఆ చిత్రమును కంప్యూటరు తెరమీద నిలిపి, ఇటునటు త్రిప్పి, వలసినచోట కోసి, పొరలు విప్పి చూచుచున్నారు. ఈ చిత్రము మనకు వచ్చిన త్రోవ యెట్టిది? దానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు సంగతులను గూర్చి ఈ పూట మనవి చేయదలచితిని.

నేను బడిలో తెలుగును సంస్కృతమును చెప్పి కాలము గడపినవాడను, వైద్యుడను కాను. అయితే గురుముఖమున కొంత తర్కశాస్త్రమును చదివితిని. ఆ శాస్త్రము మొట్టమొదట అడుగు ప్రశ్న యిది: “ఈ సంగతి నీకెట్లు తెలిసినది?” కంటితో చూచితివా, ఒక గుర్తునుబట్టి ఊహించితివా, నమ్మదగినవాడు చెప్పగా వింటివా? మొదటిది ప్రత్యక్షము, రెండవది అనుమానము, మూడవది శబ్దము. కొండమీద పొగ కనబడినది, నిప్పు కనబడలేదు. పొగ యున్నచోట నిప్పుండునను నియమము తెలిసినవాడు గనుక చూచువాడు “కొండమీద నిప్పున్నది” అనును. ఇది అనుమానము. వాడు పొగ యనుకొన్నది మంచుతెర యైనచో అనుమానము చెడును. తలలోపలి చిత్రమును చూచినపుడు మనము కంటితో మెదడునే చూచుచున్నట్లు తోచును. నిజమునకు అది ప్రత్యక్షపు వేషము ధరించిన అనుమానము. నేటి నా ప్రసంగమునకు ఇదియే మూలసూత్రము.

పూర్వులు మెదడును చూడనివారు కారు. సుశ్రుతసంహితలోని శారీరస్థానమున మృతదేహమును పరీక్షించు విధానము చెప్పబడియున్నది. దేహమును గడ్డితోను నారతోను చుట్టి, బోనులో నుంచి, పారునీటిలో ఏడురాత్రులు ఉంచవలెను. పిమ్మట మెల్లమెల్లగ రాచుచు, చర్మము మొదలుకొని పొర తరువాత పొరను కంటితో చూడవలెను. కంటితో చూచినదియు శాస్త్రమున చదివినదియు రెండును కలిసినప్పుడే జ్ఞానము వృద్ధియగునని ఆ గ్రంథము హెచ్చరించినది.

ఐరోపాఖండమున 1543వ సంవత్సరమున ఆండ్రియాస్ వెసాలియస్ అను శరీరశాస్త్రజ్ఞుడు మానవదేహనిర్మాణమును గూర్చి ఏడు భాగముల మహాగ్రంథమును బాజెల్ నగరమున ముద్రింపించెను. అప్పటికి అతనికి 28 ఏండ్లు. ఏడవ భాగము మెదడును గూర్చినది. పుర్రె పైకప్పును తొలగించి, పైనుండి క్రిందికి ఒక్కొక్క పొరయే కోసికొనుచు పోయిన చిత్రములు అందు కలవు. అదే సంవత్సరమున అతడు వెలువరించిన సంగ్రహగ్రంథములో మరియొక వింత కలదు. చదువరి కత్తిరించుకొని, ఒకదానిపై నొకటి అంటించుకొని, పొరలెత్తి చూచుకొనుటకు తగిన బొమ్మలను అతడు అందు అచ్చు వేయించెను. చదువరి తన చేతితో కదల్చి చూచు చిత్రము, చూచితిరా, నేటి వింత కాదు. దాని వయస్సు ఐదువందల ఏండ్లకు చేరువ యగుచున్నది.

కాని సుశ్రుతుడు చెప్పినదియు, వెసాలియస్ చూపినదియు మృతదేహమే. బ్రతికినవాని తలలోనికి త్రోవ 1895వ సంవత్సరము నవంబరు నెలలో తెరువబడెను. జర్మనీదేశమున వుర్జ్‌బర్గ్ నగరమున విల్‌హెల్మ్ రాంట్‌జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. ఆ కిరణములు మాంసమును దాటిపోవును. ఎముక వానిని అడ్డగించి నీడ వేయును. చేతియెముకలు చక్కగా కనబడినవి, పుర్రెయు కనబడినది. మెదడు మాత్రము కనబడలేదు. మెత్తని పదార్థము గనుక దాని నీడ పుర్రె నీడలో కలిసిపోయినది.

వైద్యులు ఊరకుండలేదు. 1918లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున వాల్టర్ డాండీ అను శస్త్రవైద్యుడు మెదడులోని నీటిగదులలోనికి గాలి నెక్కించి ఎక్స్‌రే తీసెను. గాలి నిండిన గదుల రూపము నీడలో తేలినది. ఆ గది ఒకవైపునకు ఒరిగియున్నచో, రెండవవైపున గడ్డ దానిని నెట్టుచున్నదని వైద్యుడు ఊహించెడివాడు. ఈ పద్ధతియు, దాని తరువాత వచ్చిన మరియొక గాలిపద్ధతియు రోగికి విపరీతమగు తలనొప్పిని వాంతులను కలిగించెడివి. 1927లో లిస్బన్ నగరమున ఎగాస్ మోనిజ్ అను వైద్యుడు నెత్తురునాళములలోనికి మందు నెక్కించి, ఆ నాళముల చెట్టును చిత్రమున చూపెను. రెండుపద్ధతులయందును మెదడు కనబడలేదు. దాని ప్రక్కనున్నది కనబడినది. కనబడినదానినిబట్టి కనబడనిదానిని ఊహించిరి. కొండ, పొగ, నిప్పు!

అసలు మలుపు 1971లో వచ్చెను. ఇంగ్లండులోని ఈ.ఎం.ఐ. యను కంపెనీలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు అను ఇంజనీరు ఉండెను. మన పెద్దల యిండ్లలో కుక్కబొమ్మ గ్రామఫోను రికార్డులుండెడివి గదా, ఆ హిజ్ మాస్టర్స్ వాయిస్ ఈ కంపెనీదే. హౌన్స్‌ఫీల్డునకు విశ్వవిద్యాలయపు పట్టము లేదు. అతనికి తోచిన యోచన యిది: మూసిన పెట్టెగుండ ఒక్క దిక్కునుండి కాక, అన్ని దిక్కులనుండియు కిరణములను పంపి, ప్రతిదిక్కునను ఎంత కిరణము అణగిపోయినదో కొలిచినచో, లోపల ఎచ్చట ఏమున్నదో లెక్కగట్టి చెప్పవచ్చును.

ఇది ఎట్లు సాధ్యమో చిన్న పొడుపులెక్కతో చెప్పెదను. కాగితము దగ్గరనున్నవారు వ్రాసికొనవచ్చును. నాలుగు గడుల చదరమును గీయుడు. పైన రెండు గడులు, క్రింద రెండు గడులు. ప్రతిగడిలో ఒక అంకె దాగియున్నది. పైవరుస మొత్తము 8, క్రిందివరుస మొత్తము 6. ఎడమ నిలువువరుస 7, కుడి నిలువువరుస 7. ఇంతమాత్రమున అంకెలు తెలియునా? తెలియవు. పైన 4, 4, క్రింద 3, 3 అన్నను సరిపోవును. పైన 3, 5, క్రింద 4, 2 అన్నను సరిపోవును. ఇప్పుడు మూలగ కూడ కొలుతము. పైన కుడిగడియు, క్రింద ఎడమగడియు కలిసి 9 అని తెలిసినది. మొదటి జవాబులో ఆ మొత్తము 7. కనుక అది పోయినది. రెండవ జవాబే నిలిచినది. చూచితిరా! గడులను ఎవరును తెరువలేదు. దిక్కులు పెంచుకొని లోపలి అంకెలను పట్టుకొంటిమి.

హౌన్స్‌ఫీల్డు నాలుగు గడులకు బదులు అడ్డముగ 80, నిలువుగ 80, అనగా 6,400 గడులను తీసికొనెను. 180 దిక్కులనుండి, దిక్కునకు 160 చొప్పున 28,800 కొలతలు తీయించెను. 1971వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన లండనునందలి వింబుల్డన్‌లోని అట్కిన్‌సన్ మోర్లే ఆస్పత్రిలో, మెదడు ముందుభాగమున గడ్డ యున్నదని అనుమానింపబడిన ఒక స్త్రీ తలను ఈ విధముగ చిత్రించిరి. గడ్డ తెరమీద కనబడెను. తలను తెరువకుండ, గాలి నెక్కింపకుండ, మెదడుయొక్క అడ్డుకోత కనబడుట అదియే మొదలు. ఇట్టి లెక్కకు వలసిన గణితమును 1917లోనే ఆస్ట్రియాదేశీయుడగు యోహాన్ రాడన్ నిరూపించియుండెను. ఎలన్ కార్మాక్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1963లోను మరుసటి యేటను దానిని స్వతంత్రముగ సాధించి ప్రకటించెను. ఆనాడు పట్టించుకొన్నవారు అరుదు. 1979లో కార్మాక్, హౌన్స్‌ఫీల్డులకు నోబెలు బహుమానము లభించెను.

రెండవ త్రోవ అయస్కాంతపు త్రోవ. 1973లో అమెరికాలో పాల్ లాటర్‌బర్ రెండు చిన్న నీటిగొట్టముల చిత్రమును ఎక్స్ కిరణములు లేకయే తీసి చూపెను. మన దేహమున మిక్కిలిగ నుండునది నీరు; నీటిలో ఉదజనిపరమాణువు కలదు. బలమగు అయస్కాంతములో నుంచి రేడియో తరంగములతో కదల్చినచో, ఆ పరమాణువులు తిరిగి రేడియో పలుకే పలుకును. ఈ ప్రసంగమును మీ యింటికి తెచ్చుచున్న తరంగముల జాతియే అదియు. ఆ పలుకు ఎచ్చటనుండి వచ్చినదో, ఎంత సేపు నిలిచినదో లెక్కగట్టి చిత్రము వ్రాయుదురు. దీనినే ఎం.ఆర్.ఐ. యనుచున్నారు. ఇంగ్లండులోని నాటింగ్‌హాం నగరమున పీటర్ మాన్స్‌ఫీల్డు దీనిని వేగవంతము చేసెను. 2003లో ఆ యిరువురకును నోబెలు బహుమానము వచ్చెను.

ఇంతవరకు చెప్పినవి కోతలు, అనగా పలుచని ముక్కల చిత్రములు. వానిని పేర్చిన ఘనరూపము వచ్చును. చదరపు చిత్రములోని గడిని పిక్సెలనియు, ఘనచిత్రములోని గడిని వాక్సెలనియు అందురు. ముప్రక్కల 256 చొప్పున గడులుగల ఒక తల చిత్రమున 1 కోటి 67 లక్షల 77 వేల 216 అంకెలుండును. ఈ అంకెల రాశినుండి కంటికింపైన బొమ్మను చెక్కుటెట్లు? 1987లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారగు విలియం లారెన్‌సెన్, హార్వీ క్లైన్ ఒక ఉపాయమును ప్రకటించిరి. ఎనిమిది ప్రక్కప్రక్క అంకెలు ఒక చిన్న ఘనమునకు ఎనిమిది మూలలు. ప్రతిమూల మన మెంచుకొన్న హద్దునకు లోపలనో వెలుపలనో ఉండును. ఎనిమిది మూలలకు మొత్తము 256 రీతులు. త్రిప్పియు, లోపలి మూలలను వెలుపలివిగ తారుమారు చేసియు చూచినచో అవన్నియు 15 మూలరూపములలోనికి ఇమిడిపోవును. ఏ రూపమునకు ఏ త్రికోణములు అతుకవలెనో పట్టిక వ్రాసికొని, ఘనము తరువాత ఘనముగ నడచిపోయినచో, త్రికోణములు కలిసి ఉపరితల మేర్పడును. దేవాలయపు శిల్పి రాతిలోనుండి విగ్రహమును బయల్పరచినట్లు, అంకెలలోనుండి తల బయల్పడును.

ఇచ్చట ఒక మెలిక కలదు. “మన మెంచుకొన్న హద్దు” అంటిని. ఆ హద్దును ఎంచువాడెవడు? యంత్రము కాదు, మనుష్యుడు. సి.టి. చిత్రములలో హౌన్స్‌ఫీల్డు పేరిటి కొలమానము కలదు: నీటికి సున్న, గాలికి మైనస్ 1,000, గట్టి యెముకకు కొన్ని వందలు మొదలు వేయికి పైబడి. హద్దు మైనస్ 300 అన్నచో తెరమీద ముక్కు, చెవులు, పెదవులు గల ముఖము వచ్చును. అదే అంకెలరాశికి హద్దు 400 అన్నచో చర్మము మాయమై పుర్రె వచ్చును. రోగి యొక్కడే, రాశి యొక్కటే; చిత్రములు రెండు. హద్దు చెప్పకుండ చిత్రమును మాత్రము చూపినవాడు, హేతువు చెప్పకుండ “నిప్పున్నది” అనువానితో సమానుడు.

ఎడమ కుడుల సంగతి మరియు ముఖ్యము. మెదడు రెండు అర్ధభాగములును చూపునకు ఒక్కరీతిగనే ఉండును. కొందరు వైద్యులు రోగి పాదములవైపు నిలిచి చూచినట్లు చిత్రింతురు. అప్పుడు రోగి ఎడమ తెరమీద కుడివైపున నుండును. మరికొందరు తలవైపునుండి చూచినట్లు చిత్రింతురు. పాతకాలపు ఒక ఫైలురూపములో ఏది యెటో స్పష్టముగ వ్రాయుటకు చోటు లేకుండెను. ఇరువది యొకటవ శతాబ్దపు తొలినాళ్లలో నిఫ్టీ అను క్రొత్త రూపమును ఏర్పరచి, ఫైలు మొదటనే దిక్కులను చెప్పు పట్టికను చేర్చిరి. ఇది గుమాస్తాపని యని తోచవచ్చును. కాని ఎడమవైపు గడ్డకు కుడివైపున కత్తి పెట్టినచో ఏమగునో ఆలోచింపుడు.

ఇంకొక చిక్కు కొలబద్దది. ఒకని మెదడును మరియొకనితో పోల్చుటకు సామాన్యమగు పటము కావలెను. పారిసు నగరపు శస్త్రవైద్యుడు తలైరాక్, టూర్నూతో కలిసి 1988లో ప్రకటించిన పటమును లోకమంతయు ఏండ్లతరబడి వాడినది. అది ఒక్క మెదడునుబట్టి తయారైనది. మరణించిన ఒక అరువదియేండ్ల స్త్రీది. తరువాత కెనడాలోని మాంట్రియల్ నగరమున 305 మంది ఆరోగ్యవంతుల చిత్రములను కలిపి సగటుపటము చేసిరి. అది మేలు, కాని ఆ తలలు అచ్చటివారివి. 2019లో మన హైదరాబాదునందలి ట్రిపుల్ ఐ.టి. పరిశోధకులు తిరువనంతపురములోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థవారితో కలిసి, 100 మంది ఆరోగ్యవంతులగు భారతీయుల ఎం.ఆర్.ఐ. చిత్రములనుండి భారతీయ మెదడుపటమును నిర్మించిరి. పాశ్చాత్యుల, చైనా కొరియాదేశీయుల పటములతో పోల్చగా మన సగటు మెదడు పరిమాణమున కొంత చిన్నదని తేలినది. ఇది తెలివికి సంబంధించిన మాట కాదు. బట్టకొలుచు గజమునకు సంబంధించినది. వృద్ధాప్యమున మెదడు కుంచించుకొనిపోవు వ్యాధిని గుర్తించునపుడు, పరదేశపు గజముతో కొలిచినచో ఆరోగ్యవంతుని రోగి యని భ్రమించు ప్రమాదము కలదు.

చిత్రమే సాక్ష్యమనుకొన్నవారికి కనువిప్పుగ ఒక పరీక్ష జరిగినది. పనిచేయు మెదడునందు నెత్తురు ప్రవాహపు మార్పునుబట్టి “ఇచ్చట పని జరుగుచున్న”దని రంగులద్దుటకు 1990 తరువాత ఎం.ఆర్.ఐ.ని వాడసాగిరి. 2009లో క్రెయిగ్ బెన్నెట్ అను పరిశోధకుడును అతని మిత్రులును ఒక సాల్మన్ చేపను యంత్రములో నుంచి, మనుష్యుల బొమ్మలు చూపి, “వీరి మనస్సున ఏ భావమున్న”దని అడిగినట్లు పరీక్ష నడపిరి. లెక్క చూడగా చేప మెదడులో చిన్నచోట పని జరుగుచున్నట్లు రంగు వచ్చెను. చిక్కేమనగా ఆ చేప అంతకుమునుపే చచ్చియున్నది! వేలకొలది గడులను వేరువేరుగ పరీక్షించినపుడు, కాకతాళీయముగ కొన్ని వెలుగును. అన్నిటిని కలిపి చేయవలసిన దిద్దుబాటును చేసినంతనే ఆ వెలుగు ఆరిపోయినది. రంగు సత్యమునకు గుర్తు కాదు, వాడిన సూత్రమునకు గుర్తు.

2020లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో ఒక్క అంకెలరాశినే 70 పరిశోధక బృందములకు ఇచ్చి, తొమ్మిది ప్రశ్నలకు జవాబు చెప్పుడనిరి. ఏ రెండు బృందములును ఒక్కతీరుగ లెక్క నడపలేదు. పలు ప్రశ్నలకు జవాబులును వేరువేరుగ వచ్చినవి. అందరును పండితులే, అందరి చిత్రములును అందమైనవే. తేడా యెచ్చట పుట్టినదో తెలియవలెనన్న, చిత్రము చాలదు. నడిచిన త్రోవ అడుగడుగున కనబడవలెను.

ఈ అవసరమును తీర్చుటకు వచ్చినదే కంప్యూటరు నోటుబుక్కు. దీని పుట్టుక వేరొక త్రోవను జరిగినది. 1984లో డోనాల్డ్ నూత్ అను పండితుడు, కంప్యూటరునకు వ్రాయు ఆజ్ఞలను మనుష్యుడు చదువుకొను వ్యాసమువలె వ్రాయవలెనని బోధించెను. 1988లో మాథమెటికా యను సాధనములో లెక్కయు మాటయు చిత్రమును ఒక్క పుటమీద నిలిచినవి. 2001లో కొలంబియాదేశీయుడగు ఫెర్నాండో పెరెజ్, అమెరికాలో భౌతికశాస్త్ర విద్యార్థిగ నుండి, పైథాన్ భాషలో ముచ్చటించుచు లెక్క చేయుటకు ఒక సాధనమును ఆరంభించెను. 2011లో దానికి నోటుబుక్కు రూపము వచ్చెను. 2014లో అది జూపిటర్ అను పేరుతో విస్తరించెను. జూలియా, పైథాన్, ఆర్ అను మూడు కంప్యూటరు భాషల పేళ్ల కూర్పు అది. 1610లో గెలీలియో గురుగ్రహపు చంద్రులను చూచి, మాటల నడుమనే చుక్కల స్థానములను గీచి ఉంచిన పుటలకును ఆ పేరు నమస్కారము. గురుగ్రహమనగా మనకు బృహస్పతి, దేవతల ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయునకు తగిన పేరే!

ఈ పుస్తకపు పుట యెట్లుండును? నా పూర్వశిష్యు డొకడు తెరమీద చూపగా నేను చూచితిని. పుట గడులుగ విభజింపబడియుండును. ఒక గడిలో “ఇప్పుడు తల చిత్రమును చదువుచున్నాము” అని మాట. దాని క్రింది గడిలో ఆ పని చేయు పైథాన్ పంక్తులు. నిబాబెల్ అను గ్రంథాలయము ఫైలును తెరచి అంకెలను, దిక్కుల పట్టికను అందించును. తరువాతి గడిలో హద్దు. దాని క్రింద పైవిస్టా వంటి సాధనము చెక్కిన ఘనమగు తల. చూచువాడు దానిని పట్టి త్రిప్పవచ్చును, దగ్గరకు లాగవచ్చును, జారుడుమీటతో అడ్డముగ కోయవచ్చును. మెదడు విద్యుత్తును కొలుచు పరిశోధకులు చర్మము, పుర్రె వెలుపలితలము, లోపలితలము అను మూడు పొరలను ఒకదానిలో నొకటి అమర్చి, తలమీది తీగెల స్థానము సరిపోయినదో లేదో ఇట్లే చూచుకొందురు. అన్నిటికంటె ముఖ్యమైనది, హద్దు అంకెను చెరిపి నేనే మరియొకటి వేయించినంతనే ముఖము పోయి పుర్రె నిలిచెను.

నాకప్పుడు న్యాయశాస్త్రమునందలి ఒక విభాగము స్ఫురించినది. అనుమానము రెండు విధములు: తనకొరకు చేసికొనునది స్వార్థానుమానము, ఇతరులకు నమ్మిక కలిగించుటకు చేయునది పరార్థానుమానము. రెండవదానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని ఐదు అవయవములుండవలెను. ఒక్కటి లోపించినను ప్రతివాది ఒప్పుకొనడు. అచ్చువేసిన రంగుచిత్రము నిగమనమును మాత్రము చూపి ఊరకుండును. మనము దానిని శబ్దప్రమాణముగ, పెద్దలమాటగ, తలయూచి గైకొందుము. ఈ నోటుబుక్కు తక్కిన అవయవములను కూడ పుటమీద పరచి, “అనుమానమున్న నీవే చేసి చూడు” మనుచున్నది. పెద్దలమాటను మరల వాదమున నిలిపి పరీక్షింపజేయుటయే దీని ఘనత.

అయినను పుస్తకమే ప్రామాణ్యమును తెచ్చిపెట్టదు. గడులను వరుస తప్పించి నడుపవచ్చును. అప్పుడు పైనున్న వ్రాతకును క్రిందనున్న చిత్రమునకును పొత్తు కుదరదు. 2019లో కొందరు పరిశోధకులు బహిరంగముగ ఉంచబడిన లక్షలాది నోటుబుక్కులను తీసి మరల నడపి చూచిరి. తప్పు లేకుండ తుదివరకు నడచినవి నూటికి 24; మొదటి ఫలితములనే మరల ఇచ్చినవి నూటికి 4 మాత్రమే. అన్వయక్రమము తప్పిన శ్లోకమువలె, క్రమము తప్పిన పుస్తకమును వ్యర్థమే. మొదటి గడినుండి చివరిగడివరకు మరల నడపి చూచినగాని ఇతరులకు ఇవ్వరాదు.

పుటను అందరికి చూపవలెనన్నపుడు మరియొక ధర్మసంకటము కలుగును. తల చిత్రమున మెదడొక్కటే కాదు, ముఖమును కలదు. పేరు తుడిచిపెట్టి, ఫలానా సంఖ్యగల రోగి యని ఉంచిన రాశినుండి హద్దు మార్చి ముఖమును చెక్కవచ్చునని యింతకుమునుపే చెప్పితిని. 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 84 మంది స్వచ్ఛందముగ వచ్చినవారి ఎం.ఆర్.ఐ.లనుండి ముఖములను చెక్కి, వారి ఫొటోలతో యంత్రముచేత పోల్పించిరి. 84 మందిలో 70 మందిని యంత్రము సరిగ గుర్తించినది. రోగి తన తలను లోకోపకారమునకు ఇచ్చినాడుగాని, తన ముఖమును వీధిలో పెట్టుమనలేదు. అందుచేత రాశిని పదిమందికి ఇచ్చుటకు ముందు ముఖభాగమును తొలగించు పద్ధతి ఏర్పడినది. బడిలో పిల్లవాని మార్కులను గోడకు అంటించుటకే సంకోచించినవాడను నేను. తలలోని గుట్టు అంతకంటె ఎన్నో మడుగులు గొప్పది.

శ్రోతలారా, ఇక ముగింతును. వెసాలియస్ కత్తెరబొమ్మ మొదలుకొని నేటి నోటుబుక్కువరకు జరిగిన చరిత్రలో చూపు పెరిగినది, నిజమే. దానితోపాటు చూపునకును వస్తువునకును నడుమ లెక్క పెరిగినది. డాండీనాడు వైద్యునికి తాను ఊహించుచున్నానని తెలిసియుండెను. నేడు చిత్రము అందమైనకొలది మనము ఊహించుచున్నామను సంగతినే మరచుచున్నాము. కావున పత్రికలోనో, ఉపన్యాసములోనో రంగురంగుల మెదడును చూపి, “ప్రేమ ఇచ్చటనున్నది, కోపము అచ్చటనున్నది” అని యెవరైన చెప్పినపుడు, నాలుగు ప్రశ్నలడుగుడు: హద్దు ఎంత? కొలబద్ద ఎవరిది? ఎడమ యేది? లెక్క నడచిన పుట ఎచ్చట? ఈ నాలుగింటికి జవాబు చెప్పి, మీ యెదుటనే మరల చేసి చూపగలవాని చిత్రమును నమ్ముడు. చెప్పలేనివాని చిత్రమును బొమ్మగ మెచ్చుకొని విడువుడు.

మన పెద్దలు చూపును శాస్త్రమును కలిపి పట్టుకొనుమనిరి. ఆ రెండింటిని ఒక్క పుటమీద కూర్చుండబెట్టు సాధనము మన పిల్లలకు ఉచితముగనే లభించుచున్నది. వారు దానిని బొమ్మలకొరకే గాక హేతువుకొరకు వాడుదురుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.